రెండో ఎక్కంతో కొలిచిన రోడ్డు

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ఇది ఎవరో నా మీద వేసిన నింద కాదు, నా అంతట నేను ఒప్పుకుంటున్న సంగతి. పక్కవాడు కొత్త చెప్పులు కొనుక్కుంటే అవి నా కాలిని కరిచేవి. ఆఫీసులో గుమాస్తా కొడుకు పరీక్ష పాసయ్యాడంటే, కొడుకే లేని నాకు కడుపు మండేది. అయితే బయటివాళ్ల మీద పుట్టే ఏడుపు కాసేపట్లో చల్లారిపోతుంది. ఇంట్లో మనిషి మీద పుట్టిందే చల్లారదు. నాకు నా భార్య మీద పుట్టింది.

ఆ రోజుల్లో నేను ఏలూరు మునిసిపాలిటీలో ఓవర్సీయర్ని. ఆమె కాలవగట్టు రోడ్డు మీద మిషను ఆడపిల్లల బడిలో మూడో తరగతి టీచరు. పెళ్లయి ఆరేళ్లయింది. ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక బయట నిలబడితే పెద్దా చిన్నా ముందు ఆమెకు వందనాలు చెప్పేవారు. తరవాత నా వైపు తిరిగి, "టీచరుగారి ఆయనగారాండీ" అనేవారు. ఊళ్లో సగం మురుగుకాలవలు నేను గీసిన గీతల మీదే పారుతున్నాయి. అయినా నేను టీచరుగారి ఆయననే.

ఊళ్లో తెల్లదొరల నాటి వేగం పలకలు ఇంకా ఉండేవి. మోటారు బళ్లు గంటకు ఎనిమిది మైళ్లు మించరాదని వాటి మీద రాసి ఉండేది. అవి పాతిననాడు ఊరి మొత్తానికి మోటార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఎనిమిది మైళ్లంటే మన జట్కా గుర్రం మనసైతే పోయే పోకడ. నేను చెప్పేనాటికి దెందులూరు వైపు నుంచి బస్సులు, మిల్లుల బియ్యం లారీలు, కొల్లేటి చేపల లారీలు ఊళ్లోకి వచ్చి పడుతున్నాయి. ఆ పలకను చూసి డ్రైవర్లు నవ్వుకునేవారు. పోలీసులు కూడా నవ్వుకునేవారు.

కొత్తగా వచ్చిన మునిసిపల్ ఇంజనీరుగారు ఆ నవ్వులాట కట్టిపెట్టాలన్నారు. ఎవరూ పాటించలేని హద్దు పెడితే జనం పాటించగల హద్దుల్ని కూడా లెక్కచెయ్యడం మానేస్తారని ఆయన వాదన. ఐదు రోడ్లు కొలిచి, ఒక్కో రోడ్డుకు తగిన వేగం కట్టి, కౌన్సిల్ తీర్మానంతో కలెక్టరుగారికి పంపాలని నిశ్చయమైంది. కొలిచే పని నాకు అప్పగించారు. నా సంతకంతో కలెక్టరు బల్ల మీదికి వెళ్లే మొదటి కాగితం అదే.

ఆయన నేర్పిన పద్ధతి తేలికే. రోడ్డు పక్కన మైలులో ఎనిమిదో వంతుకొకటి చొప్పున ఫర్లాంగు రాళ్లుంటాయి. ఒక రాయి దగ్గర నుంచి రెండో రాయి దగ్గరికి బండి ఎన్ని సెకన్లలో వచ్చిందో చూస్తే వేగం తెలుస్తుంది. ఇరవై బళ్లు కొలిచి, నెమ్మదైనది మొదలుకొని జోరైనదాకా వరసగా రాసుకోవాలి. పదిహేడో బండి వేగం ఎంతో అదే ఆ రోడ్డు అసలు వేగం. మనుషుల్లో ఎక్కువమంది బుద్ధిమంతులేననీ, చట్టం పట్టుకోవలసింది మిగిలిన ముగ్గురినేననీ ఆయన నమ్మకం. ఆ అంకె మీద బడి, బజారు, వంతెన ఉన్నచోట కొంత తగ్గించి హద్దు కడతారు. పదిహేడో బండే పదిహేను మైళ్లు దాటకపోతే ఆ రోడ్డుకు అసలు బోర్డే అక్కర్లేదు, కర్ర దండగ.

ఐదు రోడ్లలో మొదటిది మా ఆవిడ బడి ముందుదే. బడికి కుళాయి లేదు. మునిసిపల్ కుళాయి రోడ్డు అవతల, కాలవ పక్కన ఉంది. ఇంటర్వెల్లో పిల్లలు గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటాలి. పెదపాడు వైపు నుంచి చేపల లారీలు స్టేషనుకు పోయే వేళా అదే. రైలు తప్పితే చేప కుళ్లిపోతుంది కనక వాళ్ల తొందర వాళ్లది. వానాకాలంలో ఒక లారీ ఒక పిల్ల చేతిలోని చెంబును ఎగరగొట్టి పోయింది. పిల్లకు గీత కూడా పడలేదు గానీ పది రోజులు బడికి రాలేదు. దాని మీద మా ఆవిడే బడి తరఫున అర్జీ రాసింది. హద్దు పడితే ఇంటర్వెల్ వేళకు కుళాయి దగ్గర కానిస్టేబుల్ని నిలబెడతామని పోలీసువారు మాటిచ్చారు. హద్దు పడకపోతే బోర్డూ లేదు, కానిస్టేబులూ లేడు.

ఇంజనీరుగారు తన స్టాప్ వాచీ నాకిచ్చారు. నేను కోటు తొడిగి, టోపీ పెట్టి, రెండో రాయి దగ్గర నిలబడ్డాను. మొదటి రాయి దగ్గర బిళ్ల బంట్రోతు తెల్ల తువ్వాలుతో నిలబడ్డాడు. బండి రాయి దాటగానే అతను తువ్వాలు దించాలి, నేను వాచీ నొక్కాలి. ఆ రోజు నా అంత మనిషి పశ్చిమ గోదావరి జిల్లాలో లేడనుకున్నాను.

మా వైపు మనుషుల సంగతి మీకు తెలియందేముంది. రోడ్డు పక్కన కోటువేసుకున్న మనిషి ఎండలో నిలబడి కనిపిస్తే దాటిపోవడం మాకు చేతకాదు. బియ్యం లారీ నెమ్మదించి, "ఎంతవరకండీ" అని అడిగి పోయింది. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, ఎండగా ఉందండీ, ఎక్కండి, టౌనుహాలు దగ్గర దింపుతానన్నాడు. చేపల లారీ అయితే పూర్తిగా ఆగింది. కొల్లేటికోట మనిషి డ్రైవరు. బాబుగారు వట్టి చేతులతో నిలబడ్డారని బాధపడి, వద్దంటున్నా వినకుండా ఒక కొర్రమీనును తామరాకులో చుట్టి నా చేతిలో పెట్టాడు. పూర్తిగా ఆగిన బళ్లను నేను లెక్కలోంచి తీసేశాను. ఆగిన బండికి వేగం ఏముంటుంది? మిగిలిన ఇరవై వరసగా రాస్తే పదిహేడోది పన్నెండు మైళ్లు. నా ముందు ఊరంతా ఇంత అణకువగా నడిచిందని లోపల పొంగిపోయాను.

కొర్రమీను తీసుకెళ్లి మా ఆవిడ చేతికిచ్చాను. ఎక్కడిదని అడిగింది. గొప్పగా చెప్పాను. ఆమె కత్తిపీట ముందు కూర్చుని, బూడిద రాసి చేపను పట్టుకుని, నావైపు చూడకుండానే అంది.

"అది వేగం కాదండీ, మర్యాద. మీరు నిలబడ్డచోట ఎవరు జోరుగా పోతారండీ?"

చేప తోమి, చెయ్యి కడుక్కుని, ఆమె లోపలి నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చింది. అందులో నెల రోజుల లెక్క ఉంది. పద్నాలుగు, పదహారు, పద్నాలుగు, పద్దెనిమిది, పన్నెండు. అన్నీ సరి అంకెలే. ఇవి మైళ్లా, సెకన్లా అన్నాను. రెండూ కాదండీ, ఎక్కం అంది.

మూడో తరగతి గది రోడ్డువైపు ఉంటుంది. రెండు ఫర్లాంగు రాళ్లూ కిటికీలోంచి కనిపిస్తాయి. పిల్లలు రోజూ, బండిని చూసి జోరందుకోకుండా, గోడవైపు తిరిగి రెండో ఎక్కం అప్పగిస్తారు. రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు అంటూ నలభై గొంతులు ఒక్క తీరున నడుస్తాయి. బండి మొదటి రాయి దగ్గరికి రాగానే ఆమె బెత్తంతో బల్ల మీద కొడుతుంది, వాళ్లు మొదలుపెడతారు. రెండో రాయి దాటేసరికి పిల్లలు ఏ అంకె మీద ఉన్నారో ఆ అంకె రాసుకుంటుంది. గోడ గడియారం దగ్గర పెట్టుకుని చూసిందట, రెండు పదులు ఇరవై అనేసరికి ఇరవైరెండున్నర సెకన్లు. ఆలోపు రెండో రాయి దాటిన బండి ఇరవై మైళ్లు మించినట్టే. పదహారు దగ్గర దాటితే పాతిక మైళ్లు. పద్నాలుగు దగ్గర దాటితే ఇరవై ఎనిమిది పైమాటే. ఆమె లెక్కలో పదిహేడో బండి పద్నాలుగు దగ్గరుంది.

నీకెవరు నేర్పారన్నాను. ఆమె నాన్న తాడేపల్లిగూడెంలో రైల్వే గేటు మనిషి. చిన్నప్పుడు గేటు దగ్గర కూర్చుని తంతి స్తంభాలు లెక్కపెడుతూ బండి జోరు చెప్పేదట. నేను మూడేళ్లు చదివి, ఇంజనీరు దగ్గర వాచీ అడుక్కుని నేర్చుకున్నది ఈమెకు పావడా నాటి ఆట. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని విన్నాను గానీ, ఆ తలదన్నే మనిషి మనింట్లోనే ఉంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

మర్నాడు బడి కప్పు చూడాలని వంక పెట్టుకుని వెళ్లాను. పక్కగది కిటికీ రెక్క చాటున నిలబడి వాచీ పట్టుకున్నాను. ఆమె తప్పని తేలాలని ప్రభువును వేడుకున్నాను కూడా, ఆ పాపం దాచను. పిల్లలు మూడుసార్లు ఎక్కం చదివారు, మూడుసార్లూ వాచీ ముల్లు ఇరవైరెండున్నర అటూ ఇటూ ఊగింది. నాకు కొర్రమీను ఇచ్చిన లారీయే, నేను కనిపించకపోయేసరికి, రెండేడులు పద్నాలుగు దగ్గర దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ములోనే వేరే తరగతి పిల్లలు ఇద్దరు గ్లాసులు పట్టుకుని ఆగి ఉన్నారు. నేను వాచీ జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాను.

ఆమె నోటుపుస్తకంలోని తన పట్టీని నా రిపోర్టుకు జతచెయ్యమంది. సరేనన్నాను. ఎక్కాల పుస్తకాన్ని సర్కారు ఫైల్లో పెడితే నవ్వరా అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి నవ్వరనే నా భయం. ఇంజనీరుగారు చదివి, ఇదెవరిదండీ అని అడుగుతారు. నేను చెప్పాలి. ఆఫీసులో కూడా నేను టీచరుగారి ఆయననవుతాను. నోటుపుస్తకాన్ని ట్రంకుపెట్టెలో పెళ్లికోటు కింద పెట్టి, పదిహేడో బండి పన్నెండు మైళ్లని నా లెక్కే రాసి, సంతకం చేసి ఇచ్చాను.

కౌన్సిల్ తీర్మానించింది. నాలుగు రోడ్లకు కొత్త హద్దులు, బడి రోడ్డుకు బోర్డు అవసరం లేదు. అభ్యంతరాలుంటే నెల రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలని నోటీసు ఆఫీసు గోడకు అంటించారు. ఆమె బడి నుంచి వస్తూ చదివింది. నాకు జ్వరం వచ్చినంత భయమేసింది. ఆమె వచ్చి, కాఫీ ఇచ్చి, ఎంతో జాలిగా, మీరు చెప్పినా వాళ్లు వినలేదన్నమాట, ఆడదాని లెక్కని పక్కన పడేసి ఉంటారండీ అంది. నేను అవునన్నాను. గ్లాసులోంచి తల ఎత్తలేదు.

ఆ నెలలో ఒకరోజు ఆమె మోచేయి గీరుకుపోయి ఇంటికొచ్చింది. కుళాయి దగ్గర ఒక పిల్ల అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి దిగితే, జడ పట్టుకుని వెనక్కి లాగిందట. ఇద్దరూ గట్టు మీద పడ్డారు. లారీ ఆగలేదు. పిల్ల జడ పట్టుకుని లాగినందుకు ఏడ్చిందట గానీ, లారీ సంగతి దానికి తెలియనే తెలియదట. ఆమె నవ్వుతూ చెప్పి, మోచేతికి పసుపు రాసుకుంది. అప్పుడైనా లేచి ట్రంకుపెట్టె తియ్యవలసింది. ఇంజనీరు ఇల్లు రెండు వీధుల అవతలే. కానీ ఆ క్షణంలో నాకు తోచిందేమిటంటే, ఇప్పుడు పిల్ల ప్రాణం కాపాడిన టీచరు అనే పేరు కూడా వచ్చేసింది కదా అని. అంత నీచంగా ఆలోచించగలనని అంతకుముందు నాకే తెలియదు.

నోటీసు గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఇంజనీరుగారు నన్ను పిలిచారు. బల్ల మీద బడివారి అభ్యంతరం ఉంది, దానికి జతగా అవే సరి అంకెల పట్టీ, ఆమె ముత్యాల రాతలో. ట్రంకుపెట్టె తీసి చూసేసిందనుకున్నాను. భోజనానికి ఇంటికెళ్లి ముందు పెట్టె తీశాను. పెళ్లికోటు కింద నోటుపుస్తకం పెట్టింది పెట్టినట్టే ఉంది. నాకేమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం ఇంజనీరుగారు టోపీ, కోటు ఆఫీసులోనే వదిలేసి, చొక్కా మీద నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చారు. మూడో తరగతి చివరి బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. ఇరవై బళ్లు పోయేదాకా కదల్లేదు. పిల్లలు గోడవైపు తిరిగి చదువుతూనే ఉన్నారు, గొంతులు బొంగురుపోయాయి. ఒకటి పన్నెండు, ఆరు పద్నాలుగు, తక్కినవి పదహారు, పద్దెనిమిది. ఒక్కటే ఇరవై దాకా వచ్చింది, అది ఇటుకల లారీ. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విప్పారింది.

"ఓవర్సీయరుగారూ, నా వాచీ నాకు తిరిగిచ్చెయ్యండి. మీ ఇంట్లో ఇంతకంటే మంచిది ఉంది" అన్నారు.

పిల్లలు నవ్వారు. నా ముఖం కందగడ్డ అయింది. తరవాత ఆయన నవ్వు ఆపి, పట్టీని నా ముందు పెట్టి, నెమ్మదిగా అడిగారు.

"ఇది మీరు రిపోర్టు ఇవ్వకముందే చూశారాండీ?"

చూశానంటే తెలిసి తప్పుడు లెక్క రాశానని అర్థం. ఉద్యోగానికే ముప్పు. చూడలేదంటే ఆమె ఎదురుగా అబద్ధం. నలభై మంది పిల్లలు మావైపే చూస్తున్నారు. నేను నోరు తెరిచేలోపే ఆమె అంది.

"ఆయనకి తెలియదండీ. నేను చూపించలేదు."

అబద్ధం చెప్పిన పిల్లను రోజంతా గోడకు నిలబెట్టే మనిషి, ఆ పిల్లల ముందే, తొణక్కుండా అంది. ఇంజనీరుగారు ఆమె మాట నమ్మారో లేదో నాకు నేటికీ తెలియదు. సరేనమ్మా అని లేచారు. మరుసటి నెలలో కలెక్టరుగారి ఉత్తర్వు వచ్చింది. బడి ముందు పదిహేను మైళ్ల బోర్డు పడింది, ఇంటర్వెల్ వేళకు కుళాయి దగ్గర కానిస్టేబుల్ నిలబడ్డాడు. అది తరవాతి మాట.

ఆ సాయంత్రం ఇద్దరం కాలవగట్టు వెంట ఇంటికి నడిచాం. వంతెన దాటాక, అబద్ధమెందుకు చెప్పావన్నాను. నాకు కావలసింది బోర్డు అండీ, మీ ఉద్యోగం పోవడం కాదు అంది. పుస్తకం పెట్టెలోనే ఉంది కదా, ఆఫీసుకు వెళ్లింది ఎక్కడిదన్నాను.

"పెట్టెలోది నకలండీ. అసలు నా బల్లలోనే ఉంచుకున్నాను. మీకిచ్చే ముందే నకలు రాసిపెట్టాను."

"ముందే ఎందుకు?"

ఆమె ఇంటి గుమ్మం దాకా వచ్చాక, తాళం తీస్తూ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే చెప్పింది.

"ఆరేళ్లుగా మీతో కాపురం చేస్తున్నాను కదండీ. మీరు మంచివారే. కానీ నన్నెవరైనా మెచ్చుకున్న రోజు మీకు అన్నం సయించదు. నలభై మంది పిల్లల్ని మీ ఒక్కరి చేతిలో పెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదండీ."

నేను చెప్పులు విడిచి లోపలికెళ్లాను. ఆమె పొయ్యి ముట్టించి, వంటచేసి, పీట వేసింది. క్షమించమని అడగాలని ఆమెకు ఎదురుగా కూర్చున్నాను గానీ, ఇంజనీరుగారి ముఖం విప్పారిన తీరే కళ్లముందు మెదులుతోంది. ఆ రోజు కూడా నాకు అన్నం సయించలేదు.